గన్నవరం కాటా

గన్నవరం పాత ఎయిర్‌పోర్టు అనగానే ఒక్కొక్కరికి ఒక్కోటి గుర్తొస్తుంది. కొందరికి ఒక్క రూపాయి టికెట్టు. కొందరికి ఒక మనిషిని ఎక్కించడానికి రెండు సుమోల్లో దిగిన చుట్టాలు. ఇంకొందరికి హైవే పక్కన బండి ఆపుకుని, ప్రహరీ అవతల దిగే విమానాన్ని పిల్లలకి చూపించిన సాయంత్రాలు. నాకు మాత్రం కాటా గుర్తొస్తుంది. చెకిన్ కౌంటరు పక్కన నేలబారుగా ఉండే ఇనప పలక, దానికో అంకెల డబ్బా. పెట్టెకి పదిహేను కిలోలే హద్దని ఇంట్లో నాలుగుసార్లు తూచి "సరిగ్గా పదిహేనే" అని ధీమాగా తెచ్చిన పెట్టె ఆ పలక మీద 17.8 చూపించేది. అసలు ప్రయాణం అక్కణ్ణుంచి మొదలయ్యేది.

ఇంటి తూకం తప్పడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. బాత్రూం కాటా మీద పెట్టె పట్టుకుని ఒకసారి, వట్టి చేతులతో ఒకసారి నిలబడి తేడా తీస్తారు. ఆ ముల్లు కిలో అటూ ఇటూ ఊగుతుంది, రెండుసార్లు చూస్తే రెండు తప్పులూ కలుస్తాయి. అదీగాక తూచిన తర్వాత మూత పడేలోగా అత్తగారు ఒక పొట్లం, పిన్నిగారు ఒక డబ్బా కుక్కుతారు. కొక్కేనికి పెట్టె తగిలించి పైకెత్తే స్ప్రింగు కాటా ఉన్నవాళ్ళు కాస్త నయం. కిరాణా కొట్టు వాళ్ళ పిల్లలు అందరికన్నా నయం, బియ్యం బస్తాలు తూచే కాటా మీద చూసుకుని 14.5 దగ్గర ఆపేసి వచ్చేవారు.

గన్నవరంలో విమానాలు దిగడం రెండో ప్రపంచ యుద్ధం నాటి ముచ్చట. ఆ తర్వాత 80ల్లో వాయుదూత్ వచ్చింది. చిన్న ఊళ్ళని కలపడానికని 1981లో పెట్టిన సంస్థ అది, 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అది పోయాక మనూళ్ళో టికెట్టు కొని ఎక్కే విమానం చాలా ఏళ్ళు దాదాపు లేనట్టే. మంత్రుల విమానాలు, హెలికాప్టర్లు తప్ప రన్‌వే ఖాళీ. 2003 సెప్టెంబరులో ఎయిర్ దక్కన్ హైదరాబాద్ సర్వీసు మొదలుపెట్టాక మళ్ళీ రెక్కల చప్పుడు వినపడింది. అన్నట్టు టికెట్ల మీద విజయవాడ అంటే వీజీఏ గానీ, పైలట్లూ టవరు వాళ్ళూ వాడే నాలుగక్షరాల కోడు వీఓబీజెడ్. ఊరి పేరు ఎన్నిసార్లు మార్చుకున్నా, రైల్వే వాళ్ళ బీజెడ్‌ఏలో ఉన్నట్టే అక్కడా బెజవాడ అలాగే కూర్చుని ఉంది.

వచ్చినవి చాలావరకు ఫ్యాన్ల విమానాలే. మనవాళ్ళు పెట్టిన పేరు అది, ఇంజను ముందు ప్రొపెల్లరు తిరుగుతుంది కాబట్టి. 48 సీట్ల ఏటీఆర్ 42, దాని అన్న ఏటీఆర్ 72, 2011 నుంచి 78 సీట్ల క్యూ400. "మనకి చిన్నవే పంపిస్తారు, పెద్దవి వైజాగ్‌కి" అని అప్పట్లో తెగ నొచ్చుకునేవాళ్ళం. లెక్క వేరే ఉంది. అప్పట్లో 80 సీట్ల లోపు విమానానికి ల్యాండింగ్ చార్జీ మాఫీ. 40 టన్నుల లోపు టర్బోప్రాప్, అంటే ఫ్యాన్ల విమానం అయితే ఇంధనం మీద అమ్మకం పన్ను 4 శాతమే ఉండేది, మిగతా విమానాలకి రాష్ట్రాన్ని బట్టి అంతకు ఎన్నో రెట్లు. చిన్న ఊరికి విమానం తిప్పి నాలుగు డబ్బులు మిగలాలంటే ఆ రెండు గీతల లోపలే ఉండాలి. క్యూ400లో సీట్లు 78 దగ్గర ఆగడం వెనక కిటుకు అర్థమయ్యే ఉంటుంది.

సరే, కాటా దగ్గరికి వద్దాం. "రెండు కిలోలకి విమానం పడిపోతుందా బాబూ?" అని అడగని మామ్మగారు లేరు. పడిపోదు. కానీ ఆ రెండు కిలోలు కాగితం మీద ఎక్కాలి. విమానం కదలాలంటే లోడ్ అండ్ ట్రిమ్ షీట్ అని ఒకటి తయారై, కెప్టెన్ సంతకం పడాలి. అందులో మనిషి ఒంటి బరువు అడగరు. పెద్దవాళ్ళు ఎవరైనా చేతి సంచితో కలిపి 75 కిలోలు, 2 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 35, ఒళ్ళో పాపాయి 10. ఏటీఆర్ 42 నిండితే మనుషులే 3,600 కిలోలు, తలా పదిహేను చొప్పున పెట్టెలు ఇంకో 720. మొత్తం బరువు ఒక ఎత్తు, అది ఎక్కడ ఉందన్నది ఇంకో ఎత్తు. క్యాబిన్‌ని ముందు నుంచి వెనక్కి భాగాలుగా విడదీసి, ఏ భాగంలో ఎంతమంది, ముందు సామాన్ల గదిలో ఎన్ని కిలోలు, తోక వైపు ఎన్ని అని వేసుకుంటూ వెళితే చివర్లో ఒక గీత మీద చుక్క పడుతుంది. ఆ చుక్క గడి లోపల ఉండాలి. సగం ఖాళీగా వెళ్ళే రోజు "ఎక్కడైనా కూర్చోవచ్చుగా" అని తలోచోట సర్దుకుంటే ఎయిర్‌హోస్టెస్ వచ్చి లేపేది ఆ చుక్క కోసమే. జనం పల్చగా ఉన్నప్పుడే ఈ పట్టింపు ఎక్కువ.

తలుపు మూసే ముందు ఒక మనిషి తగ్గినా, ఒక పెట్టె పెరిగినా షీటు చివర ఎల్‌ఎమ్‌సీ, అంటే ఆఖరి నిమిషం మార్పు అని ఒక గడిలో రాయాలి. దానికీ ఒక హద్దుంది, దాటితే షీటు మొదటి నుంచి మళ్ళీ వేసుకోవాలి. గుంటూరు నుంచి ఆలస్యంగా పరిగెత్తుకొచ్చిన నలుగురి కుటుంబాన్ని ఎక్కించుకోవాలా వద్దా అన్న గొడవలో కౌంటరు వాళ్ళ మొహం రాయిలా ఉండేది ఇందుకే. వాళ్ళకి జాలి లేక కాదు, పెన్సిలు పట్టుకుని లెక్క తిరగరాసేవాడు లోపల ఒక్కడే ఉండేవాడు.

ఏప్రిల్, మే నెలల్లో కాటా మీద ఎక్కే వాటిల్లో సగం ఆవకాయే. హైదరాబాదులో దిగి అమెరికా విమానం ఎక్కే పిల్లలకి ఇచ్చి పంపేవి. కారిపోయిన డబ్బాలు ఎన్ని చూసి ఉంటామో. ఎందుకు కారుతుందో తెలిస్తే ఎలా కట్టాలో తెలుస్తుంది. విమానం పైకి వెళ్ళే కొద్దీ లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు, సామాన్ల గదిలోనూ అంతే. డబ్బాలో బిగిసి ఉన్న గాలి వ్యాకోచించి మూతని తోస్తుంది. డబ్బా నిలబడి ఉంటే మూత సందులోంచి పోయేది గాలి. పడుకుని ఉంటే పోయేది నూనె. పెట్టె మీద ఎన్ని బాణం గుర్తులు వేసినా లోడరు దాన్ని నిలబెట్టే పెడతాడన్న హామీ లేదు, అక్కడ ఉన్న చోటు అలాంటిది. కాబట్టి డబ్బా పడుకుంటుందనే అనుకుని కట్టాలి.

గాజు సీసా అసలు వద్దు. స్టీలు క్యారేజీ ఇంకా వద్దు, బిగుతుగా ఉందనుకున్న మూత గాలికి టప్పున లేచిపోతుంది. మరమూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పైన తేలే నూనె ఒక గరిటె వంచేసి, రెండు వేళ్ళ వెలితి ఉంచి నింపాలి. మూతి అంచుకి అంటిన నూనె, కారం పొడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. ఇక్కడే అందరూ తప్పేది. అంచుకి ఒక్క మెంతిగింజ అంటుకుని ఉన్నా మూత పూర్తిగా కూర్చోదు, నూనె జిడ్డు ఉంటే పైన వేసే టేపు పట్టదు. తుడిచాక మూతి మీద మందపాటి పాలిథిన్ ముక్క పరిచి, దాని మీంచి మూత బిగించి, చుట్టూ టేపు నాలుగు చుట్లు. ఆ డబ్బాని ఒక కవర్లో పెట్టి గాలంతా నొక్కి తీసేసి ముడి, మళ్ళీ రెండో కవర్లో తిరగేసి పెట్టి ముడి. పాత తువ్వాలుతో చుట్టి పెట్టె మధ్యలో, నాలుగు వైపులా బట్టలు వచ్చేలా. తువ్వాలు మెత్తదనానికే కాదు, కారితే పీల్చుకోవడానికి. పట్టుచీర పక్కన పెట్టేవాళ్ళకి చెప్పేదేం లేదు. ఈ తంటా అంతా పడలేనివాళ్ళు పచ్చళ్ళ కొట్లో వేడిసీలు వేసిన మందపాటి కవర్లు కొనుక్కునేవారు. నిజం చెప్పాలంటే అదే మేలు. కవరు ఉబ్బుతుంది, మళ్ళీ దిగాక తగ్గుతుంది, మూతంటూ ఉంటేగా కారడానికి.

చేతి సంచిలో పచ్చడి పెట్టుకుని సెక్యూరిటీ దాకా వెళ్ళినవాళ్ళ సంగతి వేరే. నూనె, పచ్చడి, గుంటూరు కారం, ఏవీ క్యాబిన్‌లోకి పోనివ్వరు. కారప్పొడి అయితే మరీ, అది తినే వస్తువుగా కాక కళ్ళలో కొట్టే వస్తువుగా వాళ్ళ జాబితాలో ఉంటుంది. ఇది విని పల్నాడు నుంచి వచ్చిన పెద్దాయన ఎవరైనా "మా మిరపకాయ అంత గొప్పదా" అని మీసం దువ్వినా ఆశ్చర్యం లేదు. ఎండు కొబ్బరి ఇంకో తలనొప్పి. పెళ్ళిళ్ళ సీజన్లో కుడకలు పెట్టెల్లో తప్పకుండా ఉండేవి. అందులో నూనె ఎక్కువ, గాలాడని చోట గుట్టగా ఉంటే తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉందని దాన్ని ప్రమాదకర వస్తువుల్లో రాసుకున్నారు. ఎక్స్‌రేలో గుండ్రంగా కనపడగానే పెట్టె విప్పించేవాళ్ళు. పంపడానికొచ్చిన చుట్టాలు ఇంకా బయటే ఉంటే వాళ్ళ చేతికి, వెళ్ళిపోతే ఇక అంతే సంగతులు. గోంగూరకి మాత్రం ఏ అడ్డూ లేదు. ఆకులు తుంచి, తడి ఆరేదాకా నీడన ఆరబెట్టి, న్యూస్‌పేపర్లో వదులుగా చుట్టాలి. తడితో కవర్లో కట్టేస్తే రెండో రోజుకి నల్లబడుతుంది.

ఇక బయటికి, విమానాలు ఆగే ఏప్రన్ మీదకి వద్దాం. ఆ రోజుల్లో చూడటానికి అన్నిటికన్నా బావుండేది విమానం ఆగిన తర్వాతి రెండు నిమిషాలు. ఏటీఆర్‌లో జనం ఎక్కి దిగే తలుపు వెనక ఎడమ వైపు ఉంటుంది, తలుపే కిందికి వాలి మెట్లవుతుంది. వేరే నిచ్చెన బండి అక్కర్లేదు. పెద్ద సామాన్ల గది కాక్‌పిట్ వెనకాలే, ముందు వైపు. అందుకని మొదటి వరుస సీటు దొరికినవాడు ముందుగా దిగుతాడనుకుంటే తప్పు, అతనే ఆఖరు. ముందుకెళ్ళి దిగాలని లేచి నిలబడ్డ కొత్తవాళ్ళు గోడకి ఎదురుగా తెల్లబోయి చూసేవారు.

విమానం ఆగి, చక్రాలకి చెక్కలు పడగానే లోడరు ఒకతను పొడవాటి ఇనప కర్ర ఒకటి భుజాన వేసుకుని తోక వైపు నడిచేవాడు. దానికి ఎర్ర గుడ్డ వేలాడుతూ ఉండేది. టెయిల్ స్టాండు అంటారు. తోక కింద దాని చోటులో దాన్ని నిలబెట్టాకే పని మొదలు. ఎందుకంటే విమానం బరువంతా మోసే పెద్ద చక్రాలు నడుం దగ్గర ఉంటాయి. ముందు గదిలో పెట్టెలు చకచకా దించేస్తుంటే ముక్కు తేలికవుతుంది, అదే టైములో దిగాల్సిన జనమంతా లేచి సంచులతో తోక వైపు తలుపు దగ్గర గుమిగూడతారు. తరాజులో ఒక పళ్ళెం ఖాళీ చేసి రెండో పళ్ళెంలో పడికట్లు వేసినట్టు. కర్ర లేకపోతే ముక్కు గాల్లోకి లేచి తోక నేలకి కూలబడుతుంది. ఆ కర్ర మీద మామూలుగా బరువేం ఉండదు, తోకకీ దానికీ మధ్య కాస్త సందు ఉంటుంది. తోక దిగబోతే ఆనుకోవడానికే అది. బయల్దేరే ముందు అది తీసి, ఎర్ర గుడ్డ పైలట్‌కి కనపడేలా చూపించి, అప్పుడు బొటనవేలు పైకి. ఎప్పుడు చూసినా ఆ వరస తప్పేది కాదు. సినిమాల్లో పైలట్లనే చూపిస్తారు గానీ నన్నడిగితే ఆ కర్ర మోసేవాడిది హీరో నడక.

ఇంకో వింత, ఎడమ ఇంజను ఆపేసినా కుడి వైపు ఇంజను హోరు అలాగే ఉండేది, ఫ్యాను మాత్రం తిరిగేది కాదు. చూసినవాళ్ళు ఏదో పాడైందనుకునేవారు. జెట్ విమానాల్లో ఆగి ఉన్నప్పుడు కరెంటుకీ ఏసీకీ తోకలో ఇంకో చిన్న ఇంజను ఉంటుంది, ఏటీఆర్‌కి ఆ బరువు వద్దని పెట్టలేదు. బదులుగా కుడి ఇంజను ప్రొపెల్లరుకి బ్రేకు వేసి ఉంచి, ఇంజనుని మాత్రం నడుపుతారు. హోటల్ మోడ్ అని పేరు. జనం ఎక్కేది ఎడమ వైపు కాబట్టి బ్రేకు కుడి దానికే. అది నడిపినా మే నెల మధ్యాహ్నం బెజవాడ ఎండకి ఆ చల్లదనం ఏ మూలకీ ఆనదు. 45 డిగ్రీల్లో తలుపు తీసి ఉన్న విమానం ఇడ్లీ పాత్రే. సీటు జేబులో ఉన్న భద్రతా సూచనల అట్ట ముక్క ఆ పావుగంటలో చేసిన సేవ ఇంకెప్పుడూ చేసి ఉండదు.

ఎండ ఒక కష్టం, మంచు ఇంకో కష్టం. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం విమానానికి టికెట్టు కొన్నవాళ్ళకి తెలుసు. ఎయిర్‌పోర్టు చుట్టూ కాలువలు, వరి కోసిన తడి పొలాలు, వాటిల్లో మినుము. గాలి ఆగిన రాత్రి ఆ తేమంతా నేలబారున పరుచుకుంటుంది. తెల్లారితే పోతుందిలే అనుకుంటాం, కానీ పొద్దు పొడిచిన మొదటి అరగంట ముప్పావు గంట అది ఇంకా చిక్కబడుతుంది. ఎండకి నేల కాస్త కదిలి, కిందున్న తేమ పైకి లేస్తుంది గనక. ఆ తర్వాతే విచ్చుకోవడం. హైదరాబాదులో బయల్దేరిన విమానం పైకొచ్చి చక్కర్లు కొడుతుంది, చప్పుడు వినపడుతుంది, మనిషి కనపడడు. తిరిగి వెళ్ళడానికి సరిపడా ఇంధనం దాటి ఒక్క నిమిషం కూడా ఆగరు, వెనక్కి తిరిగేస్తారు. కింద ఉన్న జనం గుండెలు ఆ చప్పుడుతో పాటే హైదరాబాద్ వైపు వెళ్ళిపోయేవి. భోగి పొద్దున్న మరీ ఘోరం. మంచుకి తోడు ఊరూరా భోగి మంటల పొగ, పొగలో ఉండే నుసి చుట్టూ తేమ ఇంకా గట్టిగా పట్టేస్తుంది. ఏడాది మొత్తంలో జనం ఎక్కువ ప్రయాణం చేసే పండగ, విమానం దిగడానికి అన్నిటికన్నా చెడ్డ పొద్దు ఒకే రోజు పడటం మన ఖర్మ.

రన్‌వే పేరు 08/26, అంటే ఒక చివర నుంచి చూస్తే దాదాపు తూర్పు, రెండో చివర నుంచి దాదాపు పడమర. గాలికి ఎదురెళ్ళి దిగాలి, ఎదురెళ్ళి లేవాలి కాబట్టి పడమటి గాలి తోలే నెలల్లో ఒక వైపు నుంచి, తూర్పు గాలి తిరిగాక రెండో వైపు నుంచి. పక్క ఊళ్ళవాళ్ళకి విండ్‌సాక్ చూడక్కర్లేదు, విమానం ఎవరి ఇంటి మీంచి వస్తోందో చూస్తే గాలి ఎటుందో తెలిసిపోయేది. పక్షుల సంగతీ చెప్పాలి. పొలంలో ట్రాక్టరు దున్నుతుంటే వెనకాల తెల్ల కొంగల బారు నడుస్తుంది, ఆ బారు లేచి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. తీతువు పిట్టలైతే ప్రహరీ లోపలే, రన్‌వే పక్క కంకర మీదే గుడ్లు పెట్టేవి. విమానం దిగే ముందు టపాసులు పేల్చడం, గడ్డిని మరీ పొట్టిగా కాకుండా, మరీ పొడుగ్గా కాకుండా ఒక ఎత్తులో ఉంచడం, ఇవన్నీ అందుకే. పొట్టిగా ఉంటే పురుగులు కనపడి పక్షులు వాలతాయి, పొడుగ్గా ఉంటే గూళ్ళు కడతాయి.

మన రన్‌వే అప్పట్లో 2,286 మీటర్లు, పాత లెక్కలో 7,500 అడుగులు. ఏటీఆర్ 72 నిండు బరువుతో లేవడానికి చల్లటి రోజున 1,300 మీటర్ల దాకా చాలు. అంటే మనం పెట్టె దగ్గర రెండు కిలోలకి పేచీ పడ్డాం గానీ నేల దగ్గర ఏ లోటూ లేదు. నేల దగ్గరే లోటున్న చోటు చూడాలంటే లక్షద్వీప్ వెళ్ళాలి. అక్కడ అగత్తి దీవి పొడవే ఏడున్నర కిలోమీటర్లు, దాని దక్షిణం కొనంతా రన్‌వే, 1,204 మీటర్లు. రెండు పక్కలా సముద్రం. 1988లో వాయుదూత్ వాళ్ళు డోర్నియర్ 228తో మొదలుపెట్టారు, 19 సీట్ల విమానం. తర్వాత ఏటీఆర్లు వెళ్ళాయి. మన గన్నవరంలో నిండుగా లేచే ఏటీఆర్ 72 అక్కడ నిండుగా లేవలేదు. సీట్లు ఉన్నా కొన్ని ఖాళీగా వదిలేసి, బరువు తగ్గించుకుని ఎగరాలి. వాన కురిసి రన్‌వే తడిస్తే ఆగడానికి ఎక్కువ దూరం కావాలి, ఇంకా తగ్గించుకోవాలి. కొచ్చి నుంచి 459 కిలోమీటర్లు నీళ్ళ మీదే ప్రయాణం. అక్కడికెళ్ళాక వాన కమ్మేసిందంటే పక్కూళ్ళో దిగుదాం అనడానికి పక్కూరు లేదు, కొచ్చికి తిరిగొచ్చే ఇంధనం మోసుకునే వెళ్ళాలి. ఆ ఇంధనమూ బరువే, అది ఎక్కినంత మేరా మనుషులూ మూటలూ తగ్గాలి.

అందుకే అక్కడ బియ్యం, ఉల్లిపాయలు, సిమెంటు ఓడలో వస్తాయి. విమానం మనుషులకి, అత్యవసరాలకి. మనకి విమానం రద్దయితే తిట్టుకుంటూ బెంజి సర్కిల్ చేరి హైదరాబాద్ బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటాం. అగత్తి వాళ్ళకి మిగిలేది ఓడే. ఎక్కాక 14 నుంచి 18 గంటలు, అదీ ఆ వారం ఓడ ఉంటే, నైరుతి వానల్లో సముద్రం ఎక్కనిస్తే. గన్నవరంలో పచ్చడి డబ్బా వెనక్కి ఇస్తున్నారని రభస చేసిన రోజులు తలుచుకుంటే, అక్కడ కౌంటరులో కూర్చునేవాడి పని ఎంత కష్టమో అర్థమవుతుంది. వాడు తీసి పక్కన పెట్టే పది కిలోల్లో ఎవరి ఇంట్లో ఏది లోటవుతుందో వాడికి తెలుసు, అంత చిన్న ఊరు. డోర్నియర్ అంత చిన్న విమానాలు తిరిగే దీవులు లోకంలో ఇంకా బోలెడున్నాయి, చాలాచోట్ల పెట్టెతో పాటు మనిషినీ కాటా ఎక్కిస్తారు. మన దగ్గర ఆ పద్ధతి పెట్టి ఉంటే ఒక్క పెళ్ళివారి జట్టూ విమానం ఎక్కేది కాదు.

గుంటూరు వాళ్ళ తిప్పలు వేరు. గాల్లో ప్రయాణం గంటలోపే, గన్నవరం చేరడానికి అంతకన్నా ఎక్కువ. మంగళగిరి దాటి, వారధి ఎక్కి, బెంజి సర్కిల్‌లో చిక్కుకుని, రామవరప్పాడు రింగు దగ్గర మళ్ళీ చిక్కుకుని, నిడమానూరు, గూడవల్లి, కేసరపల్లి. ఫ్లైఓవర్లు లేని కాలం. కౌంటరు విమానం బయల్దేరే టైముకి 45 నిమిషాల ముందు మూసేవారు కాబట్టి, గుంటూరు అరండల్‌పేటలో మూడు గంటల ముందు కదిలితేనే నిదానంగా ఉండేది. 2008 మార్చిలో హైదరాబాదులో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచాక ఆ చివర కూడా దూరం పెరిగింది. రెండు వైపులా రోడ్డు లెక్కేస్తే బస్సుతో తేడా రెండు గంటలే మిగిలింది, అయినా ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఎయిర్‌పోర్టు హైవేని ఆనుకుని ఉండటం మాత్రం పెద్ద సుఖం. ఆర్టీసీ బస్సు దిగి పెట్టె లాక్కుంటూ నడిచి వెళ్ళి విమానం ఎక్కగలిగిన ఊళ్ళు దేశంలో ఎన్నుంటాయి?

పెద్ద విమానం రావాలంటే రన్‌వే ఒక్కటే చాలదని కూడా అక్కడే తెలిసింది. ఫైరింజన్ల లెక్క ఒకటుంది. విమానం పొడవుని బట్టి ఎయిర్‌పోర్టుకి అగ్నిమాపక కేటగిరీ ఇస్తారు. 22.67 మీటర్ల ఏటీఆర్ 42కి 4 చాలు, 27 మీటర్ల ఏటీఆర్ 72కి 5, 37 మీటర్లు దాటే ఎయిర్‌బస్ ఏ320కి 6 కావాలి. నీళ్ళు, నురగ మందు, బండ్లు, మనుషులు అన్నీ దాని ప్రకారం పెరగాలి. ఉన్న క్రాష్ టెండరుకి, అంటే ఎయిర్‌పోర్టు ఫైరింజనుకి రిపేరొస్తే ఆ రోజు కేటగిరీ కిందికి దిగుతుంది, పెద్ద విమానం ఆగిపోతుంది, చిన్నది మామూలుగా వచ్చి వెళుతుంది. అలాంటప్పుడు ఫ్యాన్ల విమానం మీద గౌరవం పుట్టేది.

2017 జనవరిలో కొత్త టెర్మినల్ వచ్చాక పాత బిల్డింగు సందడి తగ్గింది. అదే ఏడాది అంతర్జాతీయ హోదా, మరుసటి ఏడాది డిసెంబరులో సింగపూర్ విమానం. రన్‌వే పొడిగించడానికి ఏలూరు కాలువనే పక్కకి మళ్ళించారు, ఇప్పుడది 3,360 మీటర్లు. కాటాలు కౌంటరు లోపలికి దూరిపోయాయి, అంకె మనకీ వాళ్ళకీ ఒకేసారి కనపడుతుంది, బేరమాడటానికి తోటి మనిషి ఉండడు. ఆవకాయ మాత్రం ఇప్పటికీ 17.8 దగ్గరే మొదలవుతుంది.

ఏటీఆర్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, 78 సీట్లవి. ఈసారి హైదరాబాద్ వెళ్ళేటప్పుడు బస్సు లాంటి ఆ విమానం దొరికితే మొహం ముడుచుకోకండి. కిటికీ పక్కన కూర్చుని, దిగిన వెంటనే ఫోను తీయకుండా ఒక్క నిమిషం బయటికి చూడండి. ఎర్ర గుడ్డ కట్టిన కర్ర భుజాన వేసుకుని ఒకతను తోక వైపు నడుస్తాడు.